ఆకుపచ్చను నీలమన్న సార్పాంగ్

ఎవరైనా ఫోటో చూపిస్తే చూసి ఊరుకోవడం వోఫా సార్పాంగ్‌కు పుట్టుకతోనే రాదు. మెడలో తాడుకు వేలాడే భూతద్దాన్ని కంటికి ఆనించి, ఆ ఫోటోను తన పాత రంగుల స్లైడొకదానితో పోల్చి, ఫోటో ఓడిపోయిందని తీర్పు చెబితే గానీ ఆయనకు ఫూఫూ ముద్ద గొంతు దిగదు. నిజానికి ఆయన సెర్వా ఒక్కదానికే వోఫా, అంటే మేనమామ. కానీ బొన్విరే ఊళ్లో ఆయన చేత తిట్లు తినని ఫోను లేదు కాబట్టి, ఊరందరికీ ఆయన వోఫాయే అయిపోయాడు.

ఆ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. వయసులో ఉన్నప్పుడు ఆయన కోకో శాఖలో ఫోటోగ్రాఫరు. తోటలన్నీ తిరిగి తెగులు పట్టిన కాయల్ని రంగు ఫిల్ము మీద తీసేవాడు. ఆ ఫిల్మును కడిగాక ఒక్కో ముక్కనూ చిన్న అట్టచట్రంలో బిగిస్తే స్లైడు. దీపపు పెట్టెలో పెడితే గోడంత బొమ్మ పడేది. పల్లెపల్లెకూ ఆ పెట్టె మోసుకెళ్లి, "ఇదిగో, ఈ గోధుమరంగు మచ్చ కనిపిస్తే కాయ కోసెయ్యండి, ఈ పసుపైతే భయం లేదు" అని రైతులకు చూపించేవాడు. రంగు ఒక్క పిసరు తేడా వస్తే పండాల్సిన కాయ నేలపాలు. అప్పటినుంచీ రంగు విషయంలో ఆయనకు చుట్టరికాలు లేవు.

ఆయన దురదృష్టమో, ఆమె దురదృష్టమో, మేనకోడలు సెర్వా డిజిటల్ కెమెరాతో బతికే మనిషి అయింది. ఊళ్లో నేతగాళ్లు నేసిన రంగురంగుల కెంటే బట్టల్ని ఫోటోలు తీసి, రాజధాని అక్రాలోనూ ఇంకా దూరదేశాల్లోనూ ఉన్నవాళ్లకు పంపి, బేరాలు కుదిర్చేది. ప్రతి ఫోటో ముందు మామయ్యకు చూపించడం ఆమె చిన్నప్పటి అలవాటు. ఆ అలవాటు ఎందుకు మానలేదో ఆమెకే తెలియదు.

"ఎలా ఉంది వోఫా?"

ఆయన భూతద్దం తీసేవాడు. చూసేవాడు. తల ఊపేవాడు.

"చాలా బాగుందమ్మా. ఇంతకీ దేనిదీ ఫోటో?"

పక్కింటావిడ మనవణ్ణి ఫోనులో తీసి, ముఖం ఎర్రగా పడిందని చూసుకోకుండా, మురిసిపోతూ తెచ్చింది. "బాగుంది. టమాటాలు ఈ ఏడు బాగా కాశాయి" అన్నాడు. ఆవిడ నెల రోజులు ఆయన ఇంటి గడప తొక్కలేదు. ఒక శనివారం ఊరి పెద్దాయన అంత్యక్రియలకు వెళ్లారు. పోయినాయన నిలువెత్తు ఫోటో వీధి మొదట్లో కట్టారు. ఎవరో కుర్రాళ్లు కంప్యూటర్లో ముఖానికి తెలుపెక్కించారు. వోఫా దాని ముందు నిలబడి, టోపీ తీసి, "పదండి, మనం వేరేవాళ్ల అంత్యక్రియలకు వచ్చినట్టున్నాం. మనవాడు ఇంత పాలిపోయినవాడు కాదు" అని వెనక్కి తిరిగాడు. నల్లబట్టలు కట్టుకున్న జనమంతా నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. చివరికి పోయినాయన భార్యే, "వాడన్నది నిజం. నేను నల్లటివాణ్ణే చేసుకున్నాను" అని ఆ బొమ్మను దించేయించింది.

అన్నీ ఉత్త చాదస్తాలు కావు, అదే చిక్కు. సెర్వా మొదటి కెమెరా నల్ల సిల్కును నిజంగానే ఎర్రటి గోధుమరంగులో తీసేది. కొన్ని అద్దకాల మీది నుంచి మన కంటికి ఆనని వెలుగేదో వస్తుందట. దాన్ని కూడా ఆ కెమెరా మింగేసేది. ఆ ఫోటో చూసి వోఫా, "దుఃఖం కూడా వెలిసిపోయిందమ్మా" అని ఏడాదిపాటు అన్నాడు.

సెర్వా ఊరుకునే రకం కాదు. ఒకరోజు ఆయన స్లైడ్ల పెట్టె అడుగున నీలం తీగపువ్వు బొమ్మ పట్టుకుంది. దొడ్లో పూసే పువ్వే. స్లైడులో మాత్రం గులాబీరంగులో ఉంది.

"ఇదేంటి వోఫా? నీ దేవుడిలాంటి ఫిల్ము నీలాన్ని గులాబీ చేసింది!"

వోఫా భూతద్దం తుడుచుకున్నాడు.

"ఆ పువ్వు ఆ పూట సిగ్గుపడిందే" అన్నాడు.

ఊరందరూ నవ్వుకునే ఇంకో పని కూడా చేసేవాడు. రోజూ పొద్దున్నే తన బాల్యస్నేహితుడు ఓపానిన్ అంపోఫో మగ్గాల పాకకు వెళ్లేవాడు. ఓపానిన్ అంటే పెద్దాయన. అంపోఫో ఆ చుట్టుపక్కల పేరున్న నేతగాడు. వోఫా ఆయన లేచి వచ్చేలోపే నూలు కండెలన్నీ ఎండలోకి తెచ్చి, ఒక్కోదాన్నీ స్లైడు పక్కన పెట్టి చూసి, తిరిగి బల్ల మీద వరసగా పేర్చేవాడు. నీలం కుడిచివర. ఆకుపచ్చ ఎడమచివర. తెలుపుకూ లేత పసుపుకూ మధ్యలో నలుపు, కాపలావాడిలా. "సైన్యానికీ రంగులకీ వరస తప్పకూడదు" అనేవాడు. అంపోఫో నవ్వి, "వీణ్ణి పెళ్లాం వదిలెయ్యలేదు, అదే ఆశ్చర్యం" అంటూ మగ్గమెక్కేవాడు.

అలాంటి రోజుల్లో అక్రా నుంచి పొకూవా అనే ఆవిడ కూతురి పెళ్లికి బట్ట కావాలని నేరుగా అంపోఫోకే ఫోను చేసి చెప్పింది. నీలం, బంగారురంగు, కాస్త తెలుపు. పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. అంపోఫో వెంటనే మగ్గమెక్కాడు. సరిగ్గా అప్పుడే వోఫా దగ్గరి బంధువెవరో పోయారని మాంపోంగ్ వెళ్లి, అక్కడి తంతులన్నీ ముగిసేదాకా ఉండిపోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి బట్ట సగం పైగా అయింది. సెర్వా దాన్ని ఫోటో తీసి, ఆవిడ చూస్తుందని పంపింది.

పంపిన కాసేపటికే ఫోను మోగింది. సెర్వా పాకలోనే ఉంది. అందరికీ వినబడేలా పెట్టింది.

"ఏమ్మా సెర్వా, నేనడిగింది నీలం. నువ్వు పంపింది చేమాకు! నా కూతురికి పెళ్లి చేస్తున్నానా, కూర వండుతున్నానా?"

సెర్వా బట్ట వైపు చూసింది. చేమాకే. కళ్లకు చలువ చేసేంత ఆకుపచ్చ. ఆవిడ నీలం అడిగిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఏ చేమాకు?" మగ్గం మీది నుంచి అంపోఫో గద్దించాడు. "నీలం కాక మరేమిటిది? నా చేత్తో తీసి నేసిన నూలు. నలభై ఏళ్లుగా నేస్తున్నాను, నీలమేదో నాకు ఒకరు చెప్పాలా?"

అప్పుడే వోఫా దిగాడు. మాంపోంగ్ నుంచి నేరుగా వస్తున్నాడు. ఒంటిమీద నల్లబట్ట, చంకలో సంచి. సంగతి విన్నాడు. ఫోనులో ఫోటో చూశాడు.

"ఇంకేముంది, కెమెరా అబద్ధం" అన్నాడు.

సెర్వాకు ఒళ్లు మండింది. "ఫోను సంగతి వదిలెయ్యి వోఫా! బట్ట నీ ఎదురుగానే ఉంది. నీ కళ్లతో చూసి చెప్పు. ఇదేం రంగు?"

వోఫా భూతద్దం ఎత్తాడు. బట్టను చూశాడు. అద్దం దించి అంపోఫో ముఖంలోకి చూశాడు. అంపోఫో నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు, పంతులుగారు మెచ్చుకోబోతున్న పిల్లాడిలా.

"నీలం" అన్నాడు వోఫా.

"నీలమా!"

"నీలమే. కాస్త పాచి తిరిగిన నీలం. ఆ డబ్బాలోంచి చూసీ చూసీ నీ కళ్లు కూడా పాడయ్యాయి." ఆయన ఫోను అందుకున్నాడు. "అమ్మా పొకూవా, మా మేనకోడలి కెమెరాకు నీలం తెలియదు. పెళ్లినాటికి మీ చేతికి నీలం బట్ట అందుతుంది. పూచీ నాది."

"అదీ! కళ్లున్నవాడంటే వీడు" అన్నాడు అంపోఫో.

సెర్వా ఆ పూట అన్నం తినలేదు. ఆమె బతుకంతా ఒకే మాట మీద నిలబడి ఉంది. ఫోటోలో ఏ రంగో, చేతికొచ్చేదీ ఆ రంగే. ఆ మాటను సొంత మేనమామ బేరం చేసే మనిషి వింటుండగానే కొట్టిపారేశాడు. ఇన్నాళ్లూ ఆయన వెక్కిరింతలకు నవ్వింది. ఇది నవ్వులాట కాదు.

కానీ కోపం చల్లారుతున్నకొద్దీ ఇంకో భయం పట్టుకుంది. ఆకుల్లో ఎన్ని ఆకుపచ్చలున్నాయో పేర్లు పెట్టి పిలిచే మనిషి, కళ్లెదుటి పచ్చను నీలమన్నాడు. అంటే కళ్లు పోతున్నాయి. రంగు తప్ప ఇంకో లోకం తెలియని మనిషికి కళ్లు పోతే ఏం మిగులుతుంది?

"వోఫా, రేపు కుమాసి వెళ్దాం. కంటి ఆసుపత్రికి" అంది, అడిగినట్టు కాకుండా.

ఆయన గొడవ పెడతాడనుకుంది. "సరే" అన్నాడు. దాంతో ఆమె భయం రెట్టింపైంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నది, చలాకీది. రంగు చుక్కల పుస్తకం ఆయన ముందు తెరిచి, చుక్కల్లో ఏ అంకె కనిపిస్తోందో చెప్పమంది. వోఫా భూతద్దం తీశాడు.

"ఈ అచ్చు సరిగా పడలేదమ్మా. నారింజ ఎక్కువైంది. మూలన ఎండకు వెలిసింది కూడా."

"తాతగారూ, నేనడిగింది పుస్తకం ఆరోగ్యం కాదు. అంకె చెప్పండి."

చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఆవిడ దీపం వేసి రెండు కళ్లూ చూసింది. "మీ మామయ్యకు ఈ వయసులో ఇలాంటి కళ్లుండటం కొంచెం అన్యాయం" అంది సెర్వాతో. "ఏ జబ్బూ లేదు. నోటికేమైనా మందుంటే వేరే డాక్టర్ని అడగండి."

తిరుగు ప్రయాణంలో ట్రోట్రో బండి కిక్కిరిసి ఉంది. ఒళ్లో కోడితో ఒకావిడ, ఆమె పక్కన సెర్వా, కిటికీ దగ్గర వోఫా.

"నీకది ఆకుపచ్చగానే కనిపించింది" అంది సెర్వా.

"చేమాకంత ఆకుపచ్చగా."

"మరి?"

"అంపోఫోకి నీలంగా కనిపించింది."

సెర్వా ఆయన వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ చెప్పాడు.

"రెండేళ్లుగా వాడి కళ్లకు పసుపు కమ్ముతోంది. మొదట తెలుపనుకుని లేత పసుపు పెట్టాడు. ఎండ సరిగా లేదేమోలే అన్నాను. తర్వాత నీలం, ఆకుపచ్చ ఒకటైపోయాయి. వాడి నాన్న కళ్లు కూడా ఇంతే. పెద్దకొడుకులు ఆయన చేతిలోంచి నేసే నాడె తీసేసుకున్నారు. ఆ మనిషి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, మళ్లీ ఇటు తిరగలేదు. అంపోఫో అది చూశాడు. నేనూ చూశాను."

"అందుకా, రోజూ ఆ కండెలు పేర్చడం!"

"నీలమెప్పుడూ కుడిచివర ఉంటే, కళ్లు లేకపోయినా చెయ్యి వెళ్తుంది. మాంపోంగ్ వెళ్లినప్పుడు ఎవరో బల్ల కదిపినట్టున్నారు."

బండి గుంటలో పడి లేచింది. కోడి అరిచింది.

"మరి నా కెమెరా?" అంది సెర్వా.

"నీ కెమెరా నిజమే చెప్పింది. ఈ కొత్తదాంట్లో నలుపు కూడా నలుపే. ఎప్పుడో పోల్చి చూశాను. కొన్ని రంగుల్లో స్లైడు కన్నా ఒక మెట్టు పైనే ఉంది."

"మరి రోజూ ఎందుకు తిట్టావు?"

"బట్ట రంగు తేడాగా ఉందని ఎవరో ఒకరు అంటూనే ఉండేవాళ్లు. ఎవరిదో ఒకరిది తప్పు కావాలి కదా. యంత్రానిదంటే దానికి నొప్పెట్టదనుకున్నాను."

"నాకు నొప్పెట్టింది."

వోఫా భూతద్దం తాడును వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "ఇన్ని రంగులు చూశాను. అది మాత్రం చూడలేదమ్మా" అన్నాడు.

మళ్లీ ఆయనే అందుకున్నాడు.

"స్లైడు ఫిల్ము చాలా కఠినమైంది, తెలుసా. వెలుగు కాస్త ఎక్కువ పడితే కాలిపోయినట్టు తెల్లబోతుంది. తక్కువైతే చీకటి. తీసేశాక దిద్దుకోవడానికుండదు. అందుకే నాకది ఇష్టం, ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేయిస్తుంది. కానీ మనుషుల్ని అలా చూస్తే ఒక్కడూ మిగలడు. నీ యంత్రం అలా కాదు. నీడలో ఉన్నదాన్ని కూడా పారెయ్యకుండా ఎక్కడో దాచిపెడుతుంది. ఆనక మెల్లగా పైకి తీసుకోవచ్చు. అది చూసి కొంచెం అసూయపడ్డాన్లే."

"సరే, నువ్వు దాచింది చాలు. ఇక పైకి తీద్దాం. ఆసుపత్రి గోడ మీద అంత పెద్ద బొమ్మ పెట్టారు, శుక్లాలు తీసేస్తామని. చూళ్లేదా?"

"చూశాను. వాడికి కత్తి పేరెత్తితే ప్రాణం పోతుంది. కంటికి జబ్బని నేనంటే నాతో మాట్లాడ్డం మానేస్తాడు."

"ఆయన కంటికి జబ్బనకు" అంది సెర్వా. "నీ కంటికని చెప్పు."

వోఫా ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆయన ముఖం మీది నవ్వు చెరగలేదు.

మర్నాడు పాకలో ఆయన నటన చూడాలి. తల పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"అయిపోయిందిరా అంపోఫో. నా కళ్లకు శుక్లాలట. డాక్టరమ్మ కోయాలంటోంది. నేను చేయించుకోను."

అంపోఫో నాడె ఆపాడు. "ఎందుకు చేయించుకోవు?"

"భయం."

"భయమా! ఇంత వయసొచ్చింది, సిగ్గులేదురా? ఊళ్లో ఉన్న ఫోన్లన్నిటినీ బెదిరించేవాడివి, ఒక్క ఆడకూతురు చేతిలో చిన్న కత్తికి భయపడతావా? పద, నేనొస్తాను. పక్కన కూర్చుంటాను. ఏం చేస్తుందో చూస్తాను."

కుమాసిలో డాక్టరమ్మ వోఫాను చూడగానే ఆశ్చర్యపోయి నోరు తెరిచింది. వెనకనుంచి సెర్వా చేతులు జోడించి సైగ చేసింది. ఆవిడ నోరు మూసుకుంది.

"ముందు నన్ను చూడండమ్మా" అంటూ అంపోఫో తనంతట తానే కుర్చీ ఎక్కాడు. "నన్ను చూస్తే వీడికి ధైర్యమొస్తుంది. కళ్లంటే నావి, నీలాన్ని చీకట్లో కూడా పట్టేస్తాను."

ఆవిడ దీపం వేసి చాలాసేపు చూసింది.

"ఓపానిన్, మీ ధైర్యం నాకు నచ్చింది. అది వచ్చే మంగళవారం దాకా ఉంటుందా?"

అంపోఫో వోఫా వైపు చూశాడు. పారిపోదామంటే, తను అన్న మాటలే గుమ్మానికడ్డంగా నిలబడ్డాయి. "ఉంటుంది" అన్నాడు, గొంతు కాస్త చిన్నదై.

మంగళవారం కత్తి పడింది. అంతసేపూ బయట బెంచీ మీద వోఫా చెమటలు కక్కాడు. మర్నాడు పొద్దున కట్టు విప్పారు. అంపోఫో రెప్పలార్చాడు. డాక్టరమ్మ కోటు చూశాడు, గోడ చూశాడు, కిటికీలోంచి ఆకాశం చూశాడు. ఆకాశం దగ్గర చాలాసేపు ఆగాడు.

"ప్రపంచాన్ని ఎవరో ఉతికారు" అన్నాడు.

తర్వాత వోఫాను చూశాడు. "ఒరే, నీ చొక్కా తెల్లదా? రెండేళ్లుగా ఉతకడం మానేశావనుకున్నాను. నీ ముఖం మీద అనలేక ఊరుకున్నాను."

ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని ఆ పెళ్లిబట్టను వెలుతురులోకి తీయడం. సెర్వా గుమ్మంలోనే ఆగిపోయింది. అంపోఫో బట్టను ఒళ్లో పరుచుకుని అరచేత్తో నెమ్మదిగా నిమిరాడు, ఇటు చివరనుంచి అటు చివరకు.

"నువ్వు నీలమన్నావు" అన్నాడు తలెత్తకుండా.

"అన్నాను" అన్నాడు వోఫా.

"రోజూ కండెలు సర్దావు."

"సర్దాను."

అంపోఫో మళ్లీ నిమిరాడు. "నేత మాత్రం బాగుంది."

"నేతకెప్పుడూ వంక లేదురా."

అంతే. ఇద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అంపోఫో ఆ వారం మగ్గం ఎక్కకుండా కంటిని కాపాడుకుని, డాక్టరమ్మ సరేనన్నాక కొత్తగా మొదలుపెట్టాడు. కండెల బల్లను మాత్రం తనే సర్దుకున్నాడు. ఎలా పడితే అలా కలిపేసి మరీ, వోఫాను ఉడికించడానికి. పెళ్లికి వారం ముందే బట్ట పూర్తయింది. దాని నీలం చూసి పక్క పాకల నేతగాళ్లంతా వచ్చి చేరారు. సెర్వా ఫోటో తీసి పంపింది. పొకూవా ఫోనులోనే పాట అందుకుంది.

"ఆగండి" అన్నాడు అంపోఫో. సగంలో ఆపేసిన పచ్చబట్టను తెచ్చి వోఫా భుజం మీద కప్పాడు. "ఈ నీలంబట్ట నీది. పెళ్లికి ఇదే కప్పుకో. నా కంటి పరువు కాపాడావు, సరే. ఈ పిల్ల కెమెరా పరువు మాటేమిటి? అక్రాదాకా పోయింది. అందరి ముందూ చెప్పు."

నేతగాళ్లకు సంగతి సగమే తెలుసు. కానీ వోఫా సార్పాంగ్ చేత డిజిటల్ కెమెరాను ఒప్పించడమంటే మాటలా! అందరూ దగ్గరికి జరిగారు. వోఫా ఆకుపచ్చబట్టలో నిలబడి, కషాయం మింగబోయే పిల్లాడిలా ముఖం పెట్టాడు. సెర్వా వైపు చూశాడు.

"మా సెర్వా కెమెరా చెప్పిందే నిజం" అన్నాడు. "మొదటినుంచీ."

పాకంతా ఒక్కసారిగా చప్పట్లు. సెర్వా నవ్వాపుకుందామని చూసింది, కుదరలేదు.

అంపోఫో చెయ్యెత్తి అందరినీ ఆపాడు. చెవికి అరచెయ్యి ఆనించుకుని ముందుకు వంగాడు.

"మళ్లీ చెప్పరా. డాక్టరమ్మ కళ్లొక్కటే బాగుచేసింది, చెవులింకా పాతవే."